పెద్ద గుమ్మం పట్టాల వైపు

సాయంత్రం ఏడు దాటింది. అరిజోనాలో విన్‌స్లో అనే చిన్న ఊళ్ళో, లా పొసాడా హోటల్ వెనక తోటలో బెంచీ మీద కూర్చున్నాను. వెనక అని ఎందుకన్నానంటే నేను కారులో వచ్చాను. రూట్ 66 రోడ్డు మీంచి లోపలికి తిప్పి, కారు ఆపి, అటువైపు తలుపులోంచి వచ్చాను. కాబట్టి నా లెక్కలో అది ముందు, ఇది వెనక.

చికాగో నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్ళే సౌత్‌వెస్ట్ చీఫ్ రైలు వచ్చి ఆగింది. ఇద్దరు దిగారు. ఒక పెద్దాయన, పక్కన ఆయన భార్య కాబోలు. చెరొక చిన్న పెట్టె. వాళ్ళు టాక్సీ కోసం అటూ ఇటూ చూడలేదు, జేబులోంచి ఫోన్ తియ్యలేదు. ప్లాట్‌ఫామ్ దిగి, తోటలో కాలిబాట పట్టుకుని, నా ముందు నుంచే నడుచుకుంటూ వెళ్ళి, తలుపు తోసుకుని హోటల్లోకి వెళ్ళిపోయారు. రైలు మెట్టు దిగినప్పటి నుంచి గడప దాటేదాకా అయిదు నిమిషాలు పట్టి ఉండదు.

అప్పుడు తెలిసింది నాకు. నేను కూర్చున్నది పెరట్లో కాదు, వాకిట్లో. ఈ ఇంటికి పెద్ద గుమ్మం పట్టాల వైపు. దొడ్డిదారిన వచ్చింది నేనే.

పాత హోటళ్ళ గురించి నా మనసులో ఒక బాధ చాలా ఏళ్ళుగా ఉంది. దాని సంగతి కాసేపట్లో చెబుతాను. ఆ రాత్రి లా పొసాడాలో ఉన్నాక మాత్రం ఒక విషయం నాకు ఖాయమైపోయింది. చిన్న ఊళ్ళో పాత హోటల్ భవనం నిలబడాలంటే అందులో మనుషులు మసలుతూ ఉండాలి. గోడకి తగిలించిన ఇత్తడి ఫలకం, ప్రభుత్వ జాబితాలో పేరు, పత్రికలో వ్యాసం, ఇవన్నీ దాని తరవాతే. ఎవరో ఒకరు, ఏదో ఒక పని మీద, రోజూ తలుపు తియ్యాలి. ఆ పని అందంగా లేకపోయినా సరే. ఈ ఆఖరి మాటే పాత కట్టడాల మీద ప్రేమ ఉన్నవాళ్ళలో చాలామందికి నచ్చదు. నాకూ మొదట్లో నచ్చలేదు.

గుమ్మం అటు ఎందుకుందో తెలియాలంటే లా పొసాడా లాంటి రైల్వే హోటళ్ళు ఎలా పుట్టాయో చెప్పాలి. 1870ల్లో అమెరికాలో పడమటికి వెళ్ళే రైళ్ళలో తిండి సరిగ్గా ఉండేది కాదు. రైలు ఆగిన చోట జనం పరిగెత్తాలి, దొరికింది తినాలి, కూత వినపడగానే సగంలో వదిలేసి మళ్ళీ పరిగెత్తాలి. ఇంగ్లండ్ నుంచి కుర్రతనంలోనే వలస వచ్చిన ఫ్రెడ్ హార్వీ ఈ అవస్థ స్వయంగా చూసిన మనిషి. 1876లో కాన్సస్ రాష్ట్రంలోని టొపీకా స్టేషన్లో శాంటా ఫే రైల్వేతో మాట్లాడుకుని భోజనశాల తీసుకున్నారు. రెండేళ్ళకి ఫ్లోరెన్స్ అనే చిన్న ఊళ్ళో హోటల్ కూడా. అక్కడి నుంచి పట్టాలు ఎంతవరకు వెళ్తే ఆయన భోజనశాలలు, హోటళ్ళు అంతవరకు వెళ్ళాయి.

ఆ ఏర్పాటు ఎంత పకడ్బందీగా ఉండేదంటే, రైలు ఇంకా దారిలో ఉండగానే ఎంతమంది భోజనానికి దిగుతారో లెక్క టెలిగ్రాఫ్‌లో ముందు స్టేషన్‌కి చేరిపోయేది. రైలు ఆగేసరికి బల్లల మీద మొదటి వడ్డన సిద్ధం. 1883లో న్యూమెక్సికోలోని రటోన్‌తో మొదలుపెట్టి మగ వెయిటర్ల స్థానంలో ఆడపిల్లల్ని పెట్టారు. పత్రికల్లో ప్రకటనలిచ్చి, తూర్పు నుంచి రప్పించి, ఉండటానికి గదులిచ్చి, కట్టుదిట్టంగా తర్ఫీదు ఇచ్చేవారు. హార్వీ గర్ల్స్ అని పేరు పడిపోయింది వాళ్ళకి.

వాళ్ళ పనిలో ఒక చిన్న సంగతి నాకు చాలా ఇష్టం. ఒక అమ్మాయి వచ్చి, తాగడానికి ఏం కావాలని అడిగి, కప్పుని ఒక పద్ధతిలో పెట్టి వెళ్ళిపోయేది. సాసర్లో కప్పు మామూలుగా నిలబెట్టి ఉంటే కాఫీ. బోర్లించి ఉంటే వేడి టీ. బోర్లించి సాసర్ అంచుకి ఆనించి ఉంటే ఐస్ టీ. బోర్లించి సాసర్‌కి దూరంగా పెడితే పాలు. వెనకే వచ్చే రెండో అమ్మాయి ఒక్క ప్రశ్న అడగకుండా ఎవరికి కావాల్సింది వాళ్ళకి పోసుకుంటూ వెళ్ళిపోయేది. అరగంటలో రైలు కదలాలి మరి.

కప్పుల సంగతి ఎందుకు చెప్పానంటే, హోటల్ భవనం ఏ పనికి తగ్గట్టు కట్టారో ఆ పనిని మనం మర్చిపోతే భవనం కూడా అర్థం కాదు. భోజనాల హాలు అంత పెద్దది ఎందుకు, దాని తలుపులు ప్లాట్‌ఫామ్ వైపే ఎందుకు, వంటిల్లు ఆ మూలకే ఎందుకు, వసారా అంత వెడల్పు ఎందుకు? రైలు దిగిన జనం ఒక్కసారిగా లోపలికి వచ్చి, తిని, ఒక్కసారిగా బయటికి వెళ్ళాలి కాబట్టి. ఊరివాళ్ళకి కూడా పెళ్ళి విందు, వ్యాపారం మాటలు, బయటి పత్రికలు, బయటి మనుషులు, అన్నీ అక్కడే. వీధిలో మిగతా కొట్లన్నీ ఒక ఎత్తు, ఆ హోటల్ లాబీ ఒక ఎత్తు.

లా పొసాడా ఈ వరసలో చివరికాలపు బిడ్డ. 1930 మే 15న తెరిచారు. అంతకుముందు అక్టోబరులోనే స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. ముహూర్తం అంతకన్నా చెడ్డది ఇంకోటి దొరకదు. దీన్ని రూపొందించినది మేరీ కోల్టర్. గ్రాండ్ కాన్యన్ అంచున హోపీ హౌస్ (1905), హెర్మిట్స్ రెస్ట్ (1914), డెజర్ట్ వ్యూ వాచ్‌టవర్ (1932), ఇవన్నీ ఆవిడవే. ఆడవాళ్ళు ఆర్కిటెక్టులుగా పనిచెయ్యడమే అరుదైన రోజుల్లో హార్వీ కంపెనీకి దశాబ్దాల పాటు భవనాలు కట్టారు. లా పొసాడాకి అయితే గోడలతో సరిపెట్టలేదు. తోట, కుర్చీలు, బల్లలు, పనివాళ్ళ దుస్తులు, చెవులు నిక్కించిన కుందేలు ఆకారంలో యాష్‌ట్రేలు, అన్నీ ఆవిడే తీర్చారు.

పని మొదలుపెట్టేముందు కోల్టర్ ఒక కథ అల్లుకున్నారు. ఇది ఒక సంపన్న స్పానిష్ కుటుంబం తరతరాలుగా ఉన్న ఇల్లు, ఒక్కో తరంలో ఒక్కో గది కలుపుకుంటూ పోయారు, దేశదేశాల సామాను చేరింది, ఇప్పుడు ఆ ఇల్లే హోటల్ అయింది అని. అలాంటి కుటుంబం ఎప్పుడూ లేదు. ఇది చెప్పగానే, మరి లేని చరిత్రని కాపాడటం దేనికి అనేవాళ్ళు ఉంటారు. నేను ఒప్పుకోను. 1930లో ఒక గొప్ప ఆర్కిటెక్టు ఒక రైల్వే ఊళ్ళో కూర్చుని గతాన్ని ఎలా ఊహించుకుందో, అది ఇప్పుడు దానికదే చరిత్ర. ఆ నేల మీద నడిచి అరగదీసిన పాదాలు ఊహ కాదు కదా.

అయితే ఆ హోటల్ నడిచింది ఇరవై ఏడేళ్ళే. రైళ్ళలోనే మంచి భోజనం వచ్చేసింది. ఆ తరవాత జనం కార్లెక్కారు, ఆపైన విమానాలెక్కారు. 1957లో లా పొసాడా మూతపడింది. రెండేళ్ళకి సామానంతా వేలం వేశారు. అదే 1957లో న్యూమెక్సికోలోని గాలప్‌లో ఉన్న ఎల్ నవహో హోటల్ని, అదీ కోల్టర్ పనితనమే, రూట్ 66 వెడల్పు చెయ్యడానికి కూలగొట్టారు. 1923లో అది తెరిచినప్పుడు అక్కడి ఆదివాసీలైన నవహోల పెద్దలు వచ్చి తమ పద్ధతిలో గృహప్రవేశం జరిపించారు. నవహోల ఇసుక చిత్రాల తీరులో వేసిన గోడ బొమ్మలు ఉండేవి అందులో. అవి గోడలతోనే పోయాయి. తన కళ్ళముందే తన భవనాలు పోతుంటే, మరీ ఎక్కువకాలం బతకడం అనేది కూడా ఒకటుంటుంది అన్నారట కోల్టర్. మరుసటి జనవరిలో ఆవిడ పోయారు.

ఆల్బకర్కీలో ఆల్వరాడో హోటల్ సంగతి ఇంకా బాధ. 1902లో కట్టినది. కోల్టర్ హార్వీ కంపెనీకి చేసిన మొట్టమొదటి పని అక్కడే, లోపలి అలంకరణ. ఊరంతా ప్రేమించిన భవనం. 1970లో, ఊరివాళ్ళు ఎంత మొత్తుకున్నా వినకుండా, నేలమట్టం చేశారు. ఆ స్థలం దాదాపు ముప్పై ఏళ్ళ పాటు పార్కింగ్ కిందే ఉండిపోయింది. తరవాత అక్కడ బస్సులకీ రైళ్ళకీ కలిపి ఒక కేంద్రం కట్టినప్పుడు, దాన్ని ఆల్వరాడో పోలికలతోనే కట్టి ఆ పేరే పెట్టారు. కూల్చింది తప్పని ఊరు ఒప్పుకున్నట్టే నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒకే కంపెనీ, ఒకే రైల్వే, దాదాపు ఒకే కాలం. ఎల్ నవహో పోయింది, ఆల్వరాడో పోయింది. లా పొసాడా ఎలా మిగిలింది?

అందంగా ఉందని మాత్రం కాదు, ఆల్వరాడో అందానికి ఏం తక్కువ? ఊరివాళ్ళ ప్రేమా కాదు, అది ఆల్బకర్కీలోనూ ఉంది. లా పొసాడా మిగిలింది రైల్వేవాళ్ళకి ఆఫీసులు కావలసి వచ్చి. 1960ల మొదట్లో ఆ లాబీని, భోజనాల హాలుని అడ్డగోడలతో గదులు గదులుగా చేశారు. కోల్టర్ పెట్టిన దూలాల కింద ఆఫీసు సీలింగులు బిగించారు. ట్యూబ్‌లైట్లు, ఫైల్ బీరువాలు, బల్లలు. ఆ రోజుల ఫోటోలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కానీ మూడు దశాబ్దాల పాటు ప్రతి రోజూ పొద్దున్నే ఎవరో వచ్చి తలుపు తీశారు. చలికాలం హీటర్ వేశారు. కప్పు కారితే ఫిర్యాదు చేశారు, ఎవరో వచ్చి బాగుచేశారు. గుమాస్తాల తల మీద నీళ్ళు పడితే రైల్వే ఊరుకోదు కదా. కోల్టర్ భవనాన్ని కాపాడింది ఆ గుమాస్తాలు. వాళ్ళకి ఆ సంగతి తెలియకపోవచ్చు.

దీనికి తోడు ఇంకోటి. విన్‌స్లోలో ఆ స్థలం ఎవరికీ అక్కర్లేకపోయింది. 1970ల చివర్లో ఇంటర్‌స్టేట్ 40 అనే పెద్ద హైవే ఊరికి పక్కనుంచి పోయింది. రూట్ 66 మీద వచ్చే బండ్లు ఆగిపోయాయి, కొట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. స్థలానికి గిరాకీ ఉంటే ఆ హోటల్ ఎప్పుడో పోయేది. లేమి కూడా ఒక్కోసారి కాపలా కాస్తుంది. అలాగని ఊరు పేదగా ఉండటమే మంచిదని ఎవరూ కోరుకోలేరు. పైగా అదే లేమి ఇంకో పదేళ్ళకి కప్పు బాగుచేయించే డబ్బు లేకుండా చేసి, అదే భవనాన్ని కూల్చేస్తుంది.

అది నేను చూశాను. ఇందాక చెప్పిన బాధ అదే.

అమెరికాలో నేను మొదటి ఉద్యోగం చేసిన ఊరు కూడా ఇలాంటి చిన్నదే. పేరు చెప్పను. మెయిన్ స్ట్రీట్ మూల మీద మూడంతస్తుల ఇటుక భవనం, ఒకప్పటి హోటల్. నేను వెళ్ళేసరికే మూసేసి చాలాకాలమైంది. పక్క గోడ మీద ఎప్పుడో తెల్ల రంగుతో హోటల్ పేరు రాశారు. మామూలు రోజున ఆ అక్షరాలు కనపడేవి కాదు. వాన పడి ఇటుక తడిసి నల్లబడ్డప్పుడు మాత్రం పేరంతా పైకి తేలేది, మళ్ళీ గోడ ఆరగానే మాయమయ్యేది. నేను ఆఫీసుకి నడిచి వెళ్ళే దారి అదే. వాన రోజుల్లో ఒక నిమిషం ఆగి చదువుకుని వెళ్ళేవాణ్ణి.

ఆ భవనం పోయిన తీరు ఎక్కడైనా ఒకటే. పైకప్పు మీద వాన నీళ్ళు దిగే గొట్టం ఒకటి పూడుకుపోయింది. నీళ్ళు గోడలోకి దిగాయి. చలికి గోడలోని తేమ గడ్డకట్టి ఇటుకల ముఖాలు ఊడటం మొదలైంది. మొదటి ఏడాది అది నిచ్చెన వేసుకుని ఒక మనిషి ఒక పూటలో చెయ్యగలిగిన పని. అయిదేళ్ళకి కప్పులో ఒక భాగం మార్చాలి. పదేళ్ళకి మూడో అంతస్తు నేల కుంగింది. అప్పుడు ఇంజనీరు వచ్చి ప్రమాదకరం అని రాశాడు. ఆ మాట రాశాక వాదించడానికి ఎవరికీ నోరు రాదు. యజమానికి కావలసిందీ అదే. భవనాన్ని కూల్చాలంటే అనుమతి అడగాలి, ఊరు అడ్డుపడచ్చు. వదిలేస్తే ఎవరినీ అడగక్కర్లేదు, వానే ఆ పని చేసిపెడుతుంది.

ఊరి కౌన్సిల్ సమావేశం పెట్టింది. ఎవరైనా లేచి మూడు నిమిషాలు మాట్లాడచ్చు. నేను వెళ్ళాను. వెనక వరసలో కూర్చున్నాను. వీసా మీద వచ్చినవాణ్ణి, రెండేళ్ళ నుంచే ఇక్కడ ఉన్నవాణ్ణి, వీళ్ళ ఊరి సంగతి నాకెందుకులే అనుకున్నాను. వాన రోజు ఆ గోడ మీద పేరు కనపడుతుందని ఆ గదిలో ఎంతమందికి తెలుసో నాకు తెలీదు. ఆ ఒక్క మాటైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఇప్పటికీ అది మనసులో గుచ్చుకుంటూనే ఉంటుంది.

కూల్చిన తరవాత పక్క భవనం గోడ బయటపడింది. దాని మీద హోటల్ గదుల గుర్తులు. ఒక చదరం లేత ఆకుపచ్చ, పక్క చదరం గులాబీ రంగు పువ్వుల కాగితం, వాటి మధ్య నుంచి మెట్ల వరస గుర్తు ఏటవాలుగా పైకి వెళ్ళి, ఆకాశంలో ఆగిపోయింది.

చట్టం లేదా అంటే ఉంది. 1966లో జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టం వచ్చింది. చారిత్రక స్థలాల జాతీయ రిజిస్టర్ దాని కింద వచ్చిందే. ఇక్కడ చాలామంది పొరపడతారు. రిజిస్టర్లో పేరు ఎక్కితే ఇక ఎవరూ కూల్చలేరు అనుకుంటారు. నిజం అది కాదు. సొంత డబ్బుతో, ప్రభుత్వ డబ్బుగానీ అనుమతిగానీ అవసరం లేని పని చేసుకునే యజమాని, రిజిస్టర్లో ఉన్న భవనాన్నైనా కూల్చుకోవచ్చు. అడ్డుకునే అధికారం ఉంటే గింటే అది ఊరి స్థాయి చట్టాలది. చాలా చిన్న ఊళ్ళలో అవి ఉండవు, ఉన్నా పళ్ళుండవు.

రిజిస్టర్ వల్ల వచ్చే నిజమైన లాభం డబ్బు. రిజిస్టర్లో ఉన్న భవనాన్ని పద్ధతి ప్రకారం బాగుచేసి, ఆదాయం వచ్చే పనికి వాడితే, అయిన ఖర్చులో 20 శాతం ఫెడరల్ పన్నులోంచి తగ్గించుకోవచ్చు. 1976లో మొదలైన ప్రోత్సాహకాలు మారుతూ మారుతూ 1986లో ఈ రూపానికి వచ్చాయి. 2017 చట్టం తరవాత ఆ మొత్తాన్ని ఒకేసారి కాకుండా అయిదేళ్ళలో పంచి ఇస్తున్నారు. నిబంధనలో ‘ఆదాయం వచ్చే పని’ అన్న మాట ఉండటం నాకు నచ్చుతుంది. సొంతంగా ఉండే ఇంటికి ఇది వర్తించదు. భవనం పని చెయ్యాలి.

కానీ చిన్న ఊళ్ళో లెక్క ఎక్కడ తప్పుతుందో చూడండి. ఊరికే ఉదాహరణకి, బాగుచెయ్యడానికి 30 లక్షల డాలర్లు అవుతుందనుకుందాం. అంతా పూర్తయ్యాక ఆ ఊళ్ళో ఆ భవనం ధర 15 లక్షలు పలుకుతుంది. పన్ను రాయితీ 6 లక్షలు. ఇంకా 9 లక్షలు ఎక్కడి నుంచి రావాలి? బ్యాంకు పూర్తయ్యాక పలికే ధర చూసి అప్పిస్తుంది, అయ్యే ఖర్చు చూసి కాదు. ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. పాత హోటల్ బాగుచేసి చూస్తే తెలుస్తుంది అసలు సంగతి. కాబట్టి చిన్న ఊళ్ళకి 20 శాతం సరిపోదు, రాష్ట్రం కూడా తన వంతు కలపాలి అని నేను గట్టిగా నమ్ముతాను. చాలా రాష్ట్రాలు సొంత రాయితీలు ఇస్తున్నాయి కూడా. పెద్ద నగరాల్లో భవనానికీ చిన్న ఊరి భవనానికీ ఒకే శాతం పెట్టడం పైకి సమానంగా కనపడుతుంది గానీ న్యాయం కాదు.

లా పొసాడా లెక్క ఎలా కుదిరింది? 1990ల మొదట్లో రైల్వే ఖాళీ చేసి వెళ్ళిపోతామంది. అప్పటికే 1992లో రిజిస్టర్లో చేర్చారు. ఊళ్ళో కొందరు తమంతట తామే వెళ్ళి ఆ తోటకి నీళ్ళు పోసి బతికించుకుంటూ వచ్చారు. ఆ సమయంలో అలన్ అఫెల్ట్ అనే ఆయన దీని గురించి విని వచ్చారు. మూడేళ్ళు బేరసారాలు సాగాక, 1997లో ఆయన, ఆయన భార్య, చిత్రకారిణి టీనా మియాన్, ఆ భవనంలోకే కాపురానికి వచ్చేశారు. అదే ఏడాది కేవలం అయిదు గదులతో హోటల్ తెరిచారు. మిగతా భవనం ఇంకా బాగుపడనే లేదు. అయిదు గదుల మీద వచ్చిన డబ్బుతో, దొరికిన నిధులతో, ఒక్కో గదీ తెరుచుకుంటూ ఏళ్ళ తరబడి ముందుకి పోయారు.

ఈ పద్ధతి మీద నాకు ఎంతో గౌరవం. అంతా బాగుచేసి, రిబ్బన్ కట్ చేసి, ఒకేరోజు తెరుద్దామని ఎదురుచూస్తే చిన్న ఊళ్ళలో ఆ రోజు రాదు. ప్లాను వేసేలోపు కప్పు కూలుతుంది. ముందు కప్పు, తరవాత అయిదు గదులు, తరవాత ఆరో గది. ఇంట్లోనే ఉన్నవాళ్ళకి రాత్రి వాన మొదలవగానే ఏ మూల చుక్క పడుతోందో తెలుస్తుంది. వేరే నగరంలో ఉన్న యజమానికి మూడేళ్ళకి తెలుస్తుంది.

ఇక్కడ నా వాదనకి నేనే ఎదురు చెప్పుకోవాల్సిన చోటొకటి ఉంది. పన్ను రాయితీ కావాలంటే పాటించాల్సిన పది సూత్రాలు ఉన్నాయి. అందులో ఒకటి, కాలక్రమంలో వచ్చిన మార్పులకి వాటి సొంత ప్రాముఖ్యం ఉంటే వాటినీ ఉంచాలని చెబుతుంది. మరి రైల్వే ఆఫీసుల అడ్డగోడల సంగతేమిటి? భవనాన్ని కాపాడింది అవే అని ఇప్పుడే అన్నాను కదా. వాటిని పీకేసి 1930 నాటి రూపం తేవడం ఆ గుమాస్తాల కాలాన్ని చెరిపేసినట్టు కాదా? చాలా ఆలోచించాను. పీకేయడమే సరైనది అనుకుంటున్నాను. ఆ గోడలు వాటి పని అవి చేశాయి. కానీ ఆ కాలపు ఫోటో ఒకటి, పెద్దది, లాబీలో అందరికీ కనపడేలా ఉంచాలి. సినిమా తారలు వచ్చి ఉన్నారని చెప్పుకోవడం ఎంత ముఖ్యమో, ఫైళ్ళు మోసినవాళ్ళు ఉన్నారని చెప్పుకోవడం అంతకన్నా ముఖ్యం.

వాడకమే కాపాడుతుందనడానికి లా పొసాడా ఒక్కటే సాక్ష్యం కాదు. న్యూమెక్సికోలో లాస్ వేగస్ అనే ఊరుంది. నెవాడాలో జూదశాలల నగరం కాదు, ఇది పాత చిన్న ఊరు. 1879 జూలై 4న రైలు అక్కడికి వచ్చింది. పాత ఊరి చౌకుకి ఒక మైలు దూరంలో పట్టాలు వేశారు, అక్కడ కొత్త ఊరు లేచింది. ఆ రెండూ వేర్వేరు ఊళ్ళుగానే ఉండి, 1970లో గానీ ఒకటి కాలేదు. ఆ ఊళ్ళో రిజిస్టర్లో ఉన్న భవనాలే 900కి పైగా ఉన్నాయి. దానికి కొద్ది మైళ్ళ దూరంలో మాంటెజుమా అనే చోట వేడినీటి బుగ్గల దగ్గర రైల్వే కట్టించిన కోటలాంటి హోటల్ ఉంది. రెండుసార్లు కాలిపోతే మూడోసారి కట్టారు. 1903లో హోటల్‌గా మూతపడింది. కానీ తరవాత కాలేజీ అయింది, 1937 నుంచి 1972 దాకా మెక్సికో నుంచి వచ్చిన మతగురువుల శిక్షణాలయం అయింది, 1981లో ఆర్మండ్ హామర్ అనే వ్యాపారవేత్త కొని అంతర్జాతీయ పాఠశాలకి ఇచ్చారు. మధ్యలో ఖాళీగా ఉన్న ఏళ్ళలోనే అది ఎక్కువ పాడైంది. ఇప్పుడు బాగుచేసి పిల్లలు ఉంటున్నారు.

ఆ ఊళ్ళోనే పట్టాల పక్కన కాస్టన్యేడా హోటల్. 1898లో కట్టారు, హార్వీ హోటళ్ళలో స్పానిష్ మిషన్ల, అంటే పాత స్పానిష్ చర్చి ప్రాంగణాల, తరహాలో కట్టిన మొదటిది. రెండు రెక్కలు చాచి, మధ్య ముంగిలి పట్టాల వైపు తెరిచి పెట్టిన భవనం. 1899 వేసవిలో, క్యూబా యుద్ధంలో తనతో పోరాడిన రఫ్ రైడర్స్ దళాన్ని కలవడానికి, తరవాత అమెరికా అధ్యక్షుడైన థియొడోర్ రూజ్‌వెల్ట్ ఈ ఊరికే వచ్చారు. 1948లో హోటల్ మూతపడింది. 2014లో అఫెల్టే దీన్నీ కొన్నారు. 2019లో మళ్ళీ అతిథులు దిగారు. డెబ్భై ఒక్క ఏళ్ళు! అన్నాళ్ళు నిలబడి ఉండటం అదృష్టం. అదృష్టాన్ని నమ్ముకుని మిగతా ఊళ్ళు కూర్చోలేవు.

ఇవన్నీ చెబితే ఒక స్నేహితుడు నన్ను నిలదీశాడు. “బాగుచేశాక ఆ గదుల అద్దె ఆ ఊరివాళ్ళు ఇచ్చుకోగలరా? బయటివాళ్ళ కోసం ముస్తాబు చేసిన బొమ్మ కాదా అది?” అన్నాడు. న్యాయమైన ప్రశ్న. ఊరివాళ్ళకి హోటల్ గది ఎప్పుడూ అవసరం లేదు, వాళ్ళకి ఇళ్ళున్నాయి. వాళ్ళకి కావలసింది లాబీ, భోజనాల హాలు, తోట. డబ్బులివ్వకుండా ఒక గంట కూర్చోగల చోటు. పెళ్ళికో, పిల్లల చదువు పూర్తయిందనో పదిమందిని పిలుచుకోగల చోటు. అక్కడ జీతాలు. విన్‌స్లో జనాభా 9 వేలు. అలాంటి ఊళ్ళో పదుల మందికి పని ఇచ్చే తలుపు చిన్న విషయం కాదు. బాగుచేసిన హోటల్ లాబీలోకి ఊరివాళ్ళని రానివ్వకపోతే మాత్రం నా స్నేహితుడిదే గెలుపు, ఆ మాట ఒప్పుకున్నాను. ప్రజల పన్ను డబ్బు రాయితీగా తీసుకున్నప్పుడు తలుపు ఊరికి తెరిచి ఉండాలన్న షరతు గట్టిగా ఉండాలి.

ఇంకోటి చెప్పి తీరాలి, ఎందుకంటే మంచి మనసుతోనే భవనాల్ని చంపేవాళ్ళూ ఉన్నారు. న్యూమెక్సికోలోనే రాంచోస్ డి టావోస్‌లో మట్టి ఇటుకలతో కట్టిన పాత చర్చి ఉంది. ఏటా మట్టి పూత వేసే బాధ తప్పుతుందని 1967లో దానికి సిమెంటు పూశారు. లోపలికి చేరిన తేమ బయటికి పోలేక గోడలు లోలోపల కరగడం మొదలైంది. పన్నెండేళ్ళకి ఆ సిమెంటంతా పీకేసి మళ్ళీ మట్టి పూత వేశారు. ఇప్పుడు ప్రతి వేసవిలో ఊరివాళ్ళంతా చేరి చేత్తో మట్టి మెత్తుతారు. మెత్తినంతకాలం ఉంటుంది. పాత భవనానికి ఒకేసారి చేసి చేతులు దులుపుకునే మరమ్మతు ఉండదు. అలాంటిది ఉందని చెప్పి అమ్మేవాణ్ణి నమ్మకూడదు.

లా పొసాడాలో ఆ రాత్రి గూడ్సు రైళ్ళు పోతూనే ఉన్నాయి. గది గోడలు మందంగా ఉన్నాయి కాబట్టి చప్పుడు తక్కువే, కానీ మంచం కింద నేల సన్నగా వణికేది. మెలకువ వచ్చినప్పుడల్లా ఆ వణుకు వింటూ పడుకున్నాను. నేను మాట్లాడకుండా కూర్చున్న ఆ సమావేశం గుర్తొచ్చింది.

పొద్దున్నే లాబీలో ఆ పెద్దాయన, ఆయన భార్య కనిపించారు. కాఫీ కప్పులు పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని పట్టాల వైపు చూస్తున్నారు. తల ఊపి పలకరించాను. నా కారు రోడ్డు వైపు ఉంది. అయినా తోట వైపు తలుపు తోసుకుని బయటికి వచ్చి, భవనం చుట్టూ తిరిగి వెళ్దామనుకున్నాను. తూర్పు మూలకి వచ్చేసరికి ఒకతను నిచ్చెన వేసుకుని కప్పు అంచు దాకా ఎక్కి ఉన్నాడు. పగిలిన పెంకు ఒకటి తీసి కింద నిలబడ్డ కుర్రాడికి అందించాడు. కుర్రాడు దాన్ని గడ్డిలో మెల్లగా పెట్టి, ఇంకో పెంకు పైకి ఇచ్చాడు.